ఆ శుక్రవారం ప్రోగ్రాములు చెరిపింది ఆ కుర్రాడేనా?

గుంటూరు నుంచి ఒక పెద్దాయన పదకొండు పేజీల ఉత్తరం చేత్తో రాసి పంపారు. ఊరు ఒక్కటి ఉంచి, మిగతా గుర్తులన్నీ తీసేసి, సారాంశం ఇస్తున్నాను.

ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. 1990లో బ్యాంకు లోను తీసుకుని రెండు పీసీలతో చిన్న కంప్యూటర్ సెంటర్ పెట్టారు. పగలు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల లెక్కలు, పట్టీలు. సాయంత్రం పిల్లలకు వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ పాఠాలు. పనికి పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని పెట్టుకున్నారు. నెలకు ఆరువందల జీతం. చురుకైనవాడు, ఎక్కడా నేర్చుకోకుండానే ఫాక్స్‌బేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పట్టీల ప్రోగ్రాము రాసేశాడట.

1992 మార్చి. యార్డులో మిర్చి బస్తాలు గుట్టలుగా వచ్చే కాలం. 6వ తేదీన మైకెలాంజిలో అనే వైరస్ కంప్యూటర్లను పాడుచేస్తుందని పేపర్లో చదివి, ఆయన ఆ రోజంతా మెషిన్లు ఆన్ చెయ్యనివ్వలేదు. ఏమీ కాలేదు. వారం తిరిగింది. 13వ తేదీ, శుక్రవారం. పొద్దున యార్డుకు వెళ్లి పదకొండింటికి తిరిగొచ్చేసరికి కుర్రాడు చెమటలు కారుతూ మెషిన్ ముందు కూర్చుని ఉన్నాడు. ఫాక్స్‌బేస్ లేదు. లోటస్ లేదు. వర్డ్‌స్టార్ లేదు. ఫ్లాపీలో ఉన్న కాపీ పెట్టి నడిపితే అందులోదీ పోయింది. ‘సార్, నేనేం చెయ్యలేదు, పేరు కొడితే పోతోంది’ అన్నాడట. సాయంత్రం మెషిన్లు అమ్మినవాళ్ల ఇంజనీరు వచ్చి చూశాడు. ‘వైరస్ తేదీ 6, అది దాటిపోయింది. వైరస్సే అయితే డిస్కు మొత్తం పోవాలి. ఇక్కడ డేటా అంతా భద్రంగా ఉంది, ప్రోగ్రాములే ఏరి ఏరి తీసేశారు. ఇది మనిషి పని’ అని తేల్చాడు. అంతకు ముందు వారమే కుర్రాడు జీతం పెంచమని అడిగితే ఈయన కాదన్నారు. రెండూ కలిపి చూసుకున్నారు. శనివారం పొమ్మన్నారు. ఆ నెల జీతం ఇవ్వలేదు. యార్డులోనూ, మిగతా సెంటర్ల వాళ్ల దగ్గరా వాణ్ని నమ్మొద్దని చెప్పారు. కుర్రాడి తండ్రి వచ్చి చేతులు పట్టుకున్నా వినలేదు.

కిందటి నెల ఆయన కొడుకు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెచ్చాడు. చనిపోయిన పెదనాన్న రాసుకున్న వ్యాసాలేమైనా దొరుకుతాయేమోనని అటక మీది మూడున్నర అంగుళాల ఫ్లాపీలు ఒక్కొక్కటీ పెట్టి చూస్తుంటే, ఆటలున్న ఫ్లాపీ దగ్గర యాంటీవైరస్ ఆపేసి ‘జెరూసలెం’ అని పేరు చూపించింది. ఆ ఫ్లాపీ మీద లేబుల్ ఈ పెద్దాయన చేతిరాతే. ఆ సంక్రాంతికి హైదరాబాదులో స్నేహితుడి దగ్గర కాపీ చేసుకుని వచ్చారు. ‘నాన్నా, ఇది శుక్రవారం 13న ప్రోగ్రాములు చెరిపే వైరస్’ అని కొడుకు చదివి చెప్పినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. ఆయన అడుగుతున్నవి మూడు. అది నిజంగా వైరస్ పనేనా? దాన్ని తెచ్చింది నేనేనా? ఇన్నేళ్ల తర్వాత ఆ మనిషికి చెప్పాలా? భార్య మానిన పుండు కెలకొద్దంటున్నారు. కొడుకు ఫ్లాపీ ఫార్మాట్ చేసి పడేద్దామంటున్నాడు.

అయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు మూడు ప్రశ్నలనూ ఒకే ముడిగా వేసుకున్నారు. నేనే తెచ్చాను కాబట్టి అతను నిర్దోషి, అతను నిర్దోషి కాబట్టి నేను పాపిని అని రాశారు. ఈ ముడి విప్పకపోతే మీరు అతనికి ఏం చెప్పినా అందులో సగం తప్పే ఉంటుంది. అందుకని ముందు వైరస్ సంగతి చూద్దాం. 1990ల మొదట్లో నేనూ అలాంటి మెషిన్ల మీదే పని నేర్చుకున్నాను. మీ ఆరో పేజీ చదువుతుంటే ఆ కుర్రాడి ముందున్న తెర నా కళ్లకు కట్టింది.

ఈ వైరస్ 1987 అక్టోబరులో జెరూసలెంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో బయటపడింది. దాని పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఇది ఫైళ్లకు అంటే రకం. ఏదైనా ప్రోగ్రాము ఫైల్లో దూరి కూర్చుంటుంది. ఆ ప్రోగ్రామును నడిపిన క్షణాన ముందు ఇది లేచి మెమరీలోకి ఎక్కుతుంది, ఆ తర్వాతే అసలు ప్రోగ్రాము నడుస్తుంది. మీరు ప్రోగ్రాములోంచి బయటికొచ్చినా ఇది మాత్రం దిగదు, మెషిన్ ఆపేదాకా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాము పేరు కొట్టినా, ‘దీన్ని నడుపు’ అని డాస్‌కు (మెషిన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఇప్పటి విండోస్ లాంటిది) వెళ్లే పిలుపును ఇది దారిలోనే పట్టుకుంటుంది. మామూలు రోజుల్లో ఆ ప్రోగ్రాముకు తన నకలును అంటించి, ఏమీ ఎరగనట్టు పిలుపును ముందుకు పంపేస్తుంది. డాస్‌లో ప్రోగ్రాము ఫైళ్లు రెండు రకాలు, కామ్, ఎగ్జ్. కామ్ ఫైలైతే ముందువైపు చేరుతుంది, ఎగ్జ్ ఫైలైతే చివర. కామ్ ఫైలు సరిగ్గా 1813 బైట్లు పెరుగుతుంది. అందులో 1808 వైరస్, మిగతా ఐదూ ఫైలు చివర వేసుకునే గుర్తు: ఎం, ఎస్, డీ, ఓ, ఎస్ అనే ఐదక్షరాలు. ఆ గుర్తు కనబడితే ఈ ఫైలు ఇదివరకే అయిపోయిందని వదిలేస్తుంది.

ఎగ్జ్ ఫైళ్ల దగ్గర మాత్రం రాసినవాడు తప్పు చేశాడు. ఇదివరకే అంటిందో లేదో గుర్తుపట్టే ఏర్పాటు అక్కడ పనిచెయ్యదు. నడిపిన ప్రతిసారీ అదే ఫైలుకు మళ్లీ అంటుకుంటుంది. రోజుకు పదిసార్లు తెరిచే ప్రోగ్రాము రోజుకు పద్దెనిమిది వేల బైట్ల చొప్పున లావెక్కి, చివరికి మెమరీలో పట్టదు. హీబ్రూ విశ్వవిద్యాలయంలో అనుమానం మొదలైంది ప్రోగ్రాములు ఇలా ఊరికే ఉబ్బిపోతుండటం చూసే. ఈ తప్పే లేకపోతే అది ఇంకా చాలాకాలం ఎవరి కంటా పడేది కాదు.

ఇప్పుడు మీ నాలుగో పేజీకి రండి. ఫిబ్రవరిలో ఫాక్స్‌బేస్ ఒకరోజు ‘ప్రోగ్రాం టూ బిగ్ టు ఫిట్ ఇన్ మెమరీ’ అని మొరాయించిందనీ, మళ్లీ ఎక్కిస్తే సర్దుకుందనీ మీరే రాశారు. దాన్ని మీరు వేరే సంగతిగా, మెషిన్ పాతబడిందనడానికి ఉదాహరణగా రాశారు. ఆ పక్కనే ఇంకో వాక్యం ఉంది: ‘అరగంట పనిచేశాక మెషిన్ నెమ్మదిస్తోంది సార్, పక్కన నల్లటి గడి పడుతోంది అని వాడు రెండు మూడుసార్లు అన్నాడు. నీ పనే నెమ్మది అని కసిరాను.’ అయ్యా, ఈ వైరస్ మెమరీలోకి ఎక్కిన సుమారు అరగంటకు తెర మీద ఎడమవైపు ఒక చిన్న చతురస్రంలోని అక్షరాల్ని రెండు వరసలు పైకి జరిపి, కింద నల్లటి ఖాళీ వదులుతుంది. ఆ తర్వాత గడియారం టిక్కుమన్న ప్రతిసారీ ఊరికే లెక్కపెడుతూ కూర్చుని మెషిన్ వేగాన్ని తినేస్తుంది. దీనికి ‘బ్లాక్ బాక్స్’ అని ఇంకో పేరు వచ్చింది ఆ గడి వల్లే. అంటే మీ సెంటర్లో ఈ వైరస్‌ను మొట్టమొదట కనిపెట్టింది ఆ కుర్రాడే. మీతో చెప్పాడు కూడా.

శుక్రవారం 13 నాటి సంగతి. ఆ రోజు వైరస్ పని మార్చుకుంటుంది. 1987లో వచ్చిన శుక్రవారాలను మాత్రం వదిలేసేలా రాశారు కాబట్టి మొదటిసారి 1988 మే 13న దాని దెబ్బ పడింది. అలాంటి తేదీన అది మెమరీలో ఉంటే, పేరు కొట్టిన ప్రోగ్రాముకు అంటుకోదు, దాన్ని చెరిపేస్తుంది. ఫైలుకు రీడ్ ఓన్లీ (మార్చకూడదన్న గుర్తు) పెట్టి ఉన్నా ముందు ఆ కట్టు విప్పి మరీ చెరుపుతుంది. మీరు పిలవని ప్రోగ్రాము జోలికి పోదు. ఉత్తరాలు, లెక్కలు, ఫాక్స్‌బేస్ డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్లు ముట్టుకోదు. అవి ‘నడిపే’ ఫైళ్లు కావు కదా.

ఇది దృష్టిలో పెట్టుకుని ఆ పొద్దుటి పూట మళ్లీ చూడండి. కుర్రాడు ఫాక్స్‌బేస్ అని కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు, ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అని వచ్చింది. మిగతావి ఉన్నాయో లేదో చూద్దామని లోటస్ కొట్టాడు. అదీ పోయింది. వర్డ్‌స్టార్ కొట్టాడు. పోయింది. ఇంకేముందీ, ఫ్లాపీలోంచి నడిపి చూద్దామనుకున్నాడు. వైరస్ మెమరీలోనే ఉంది కాబట్టి అక్కడిదీ చెరిగిపోయింది. బాధ్యత గలవాడు కాబట్టి ఏవేవి పోయాయో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు, చూసినందుకే ఒక్కొక్కటీ పోయింది. చేతులు ముడుచుకుని మీకోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే ఒక్క ఫాక్స్‌బేస్ మాత్రమే పోయేది. ‘పేరు కొడితే పోతోంది’ అన్నాడు చూశారా, ఈ వైరస్ గురించి ఆ ఒక్క మాటలో అతను చెప్పినంత సరిగ్గా మీ ఇంజనీరు చెప్పలేకపోయాడు.

ఇంజనీరు మాటలో ఒక తర్కం ఉంది. మైకెలాంజిలో డిస్కు మొదట్లోని భాగంలో దాక్కునే రకం. మార్చి 6న డిస్కు మొదటి భాగాల్ని చెత్తతో నింపేస్తుంది, మెషిన్ ఇక లేవదు. ఆయనకు తెలిసిన వైరస్ అదొక్కటే. అలా జరగలేదు కాబట్టి వైరస్ కాదనుకున్నాడు. డేటా మిగిలి ఉండటం మనిషి పనికి రుజువనుకున్నాడు. అది సరిగ్గా తలకిందులైన అర్థం. కక్ష కొద్దీ పాడుచేసేవాడు సీజను మధ్యలో పట్టీల లెక్కలు చెరుపుతాడు. ఫ్లాపీలోంచి మళ్లీ ఎక్కించుకోగల ప్రోగ్రాములు ఎందుకు చెరుపుతాడు? అందులోనూ తాను రాసిన పట్టీల ప్రోగ్రాము అలాగే ఉంది అన్నారు. అది ఫాక్స్‌బేస్ లోపల నడిచేది, డాస్ నేరుగా పిలిచేది కాదు. వైరస్‌కు అది కనపడదు.

మీరు పట్టుకుని కూర్చున్న పెద్ద రుజువు ఒకటుంది: ‘వాణ్ని పంపించాక మళ్లీ ఎప్పుడూ అలా జరగలేదు.’ ముప్పై ఏళ్లు మీ మనసుకు దన్నుగా నిలిచింది ఈ వాక్యమే అనిపిస్తోంది. క్యాలెండర్ తీయండి. 1992లో మార్చి 13 తర్వాత మళ్లీ శుక్రవారం, 13 కలిసింది నవంబరులో. మీరు జూన్‌లో హార్డ్ డిస్కు ఫార్మాట్ చేయించి అన్నీ కొత్తగా ఎక్కించుకున్నానని రాశారు. శనివారం పొద్దున అతను మెట్లు దిగేసరికి తేదీ 14. మెషిన్ ఆ రోజు తనంతట తనే మామూలైపోయేది, అతను ఉన్నా సరే.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానం: అవును, అది జెరూసలెం వైరస్ పనే. తేదీ, డేటా మిగలడం, ప్రోగ్రాములు ఉబ్బడం, అరగంట మందగింపు, నల్ల గడి, ఇప్పుడు దొరికిన ఫ్లాపీ. ఇన్ని ఒకచోట కలిశాక ఇంకో కారణం వెతకాల్సిన అవసరం నాకు కనపడటం లేదు.

రెండో ప్రశ్న, తెచ్చింది మీరేనా అన్నది, వేరు. దీనికి మీరు అనుకుంటున్నంత సులువైన జవాబు లేదు. ఆ ఫ్లాపీలో వైరస్ ఉంది అంటే, హైదరాబాదు నుంచి దాంతోనే వచ్చి ఉండొచ్చు. లేదా అప్పటికే మీ మెషిన్‌లో వైరస్ ఉండి, మీరు ఆట ఆడినప్పుడు ఫ్లాపీకి అంటి ఉండొచ్చు. సాయంత్రం క్లాసులకు వచ్చే పిల్లలు ఎన్నో ఫ్లాపీలు పెట్టి ఉంటారు. వైరస్ ఫైలు మీది తేదీని, టైమును పాతవే తిరిగి పెట్టేస్తుంది కాబట్టి ఫైలు తేదీ చూసి ఎప్పుడు అంటిందో చెప్పలేం. అందుకని ‘నేనే తెచ్చాను’ అని అతనితో చెప్పకండి. అది మీకు తెలిసిన నిజం కాదు, మీకు మీరు వేసుకుంటున్న శిక్ష.

ఇంకాస్త తెలుసుకోవాలని ఉంటే మాత్రం దారి ఉంది. మీ అబ్బాయికి ఈ పేరా చదివి వినిపించండి. ముందు ఫ్లాపీ మూల ఉన్న చిన్న గడి జరిపి, కన్నం తెరిచి ఉంచాలి. అలా ఉంటే దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు. యాంటీవైరస్ ‘బాగుచేయమంటావా’ అని అడిగితే వద్దనాలి. బాగుచేస్తే సాక్ష్యం పోతుంది. తర్వాత ఫ్లాపీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఇమేజ్ ఫైలుగా తీసి పెట్టుకోవాలి, ముప్పై ఏళ్ల ఫ్లాపీ ఇంకెన్నిసార్లు చదవనిస్తుందో చెప్పలేం. ఆ ఇమేజ్‌ను హెక్స్ ఎడిటర్లో (ఫైల్లోని బైట్లను ఉన్నవున్నట్టు చూపించే సాధనం) తెరిస్తే ఎస్, యూ, ఎం, ఎస్, డీ, ఓ, ఎస్ అనే ఏడక్షరాలు వరసగా కనిపిస్తాయి. వైరస్ శరీరం మొదట్లోనే అవి ఉంటాయి. స్కానర్లు వైరస్‌ను పట్టుకునేది కూడా ఇలా తెలిసిన బైట్ల వరసను వెతికే. ఆట తాలూకు శుభ్రమైన కాపీ ఇంకెక్కడైనా దొరికితే సైజుల తేడా చూడండి. కామ్ ఫైలుకు 1813 తేడా ఉంటే ఇది అసలు రకమే. దీన్ని మార్చి పుట్టించిన రకాలు చాలా ఉన్నాయి, ఆదివారాల్లో తెర మీద మాటలు పలికే ‘సండే’ లాంటివి. వాటి పొడవులూ వేరు, చేసే పనీ వేరు. ఈ సరిచూపు అందుకే.

ఎగ్జ్ ఫైలుంటే ఇంకో చిన్న ఆధారం దొరుకుతుంది. ప్రతి నడకకూ ఒక నకలు అంటుకుంటుంది అన్నాను కదా. ఆ ఏడక్షరాల వరస ఫైల్లో ఎన్నిసార్లు కనపడితే, వైరస్ ఉన్న మెషిన్ మీద ఆ ఆట అన్నిసార్లు నడిచిందన్నమాట. మీరు ఆ ఆట మీ సెంటర్లో రెండే రెండుసార్లు ఆడానని రాశారు. ఫైల్లో పదిహేను నకళ్లు ఉన్నాయనుకోండి, చాలావరకు మీ చేతికి రాకముందే అంటాయని అర్థం. అప్పుడు హైదరాబాదు నుంచే వచ్చిందన్న అనుమానం బలపడుతుంది. ఒకటో రెండో ఉంటే అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం.

ల్యాప్‌టాప్ గురించి భయపడొద్దు. ఇప్పటి 64 బిట్ విండోస్ ఆ కాలపు డాస్ ప్రోగ్రాములను నడపలేదు, నడవనిదే ఈ వైరస్ అంటుకోలేదు. మీ అన్నగారి వ్యాసాలు టెక్స్ట్ ఫైళ్లయితే వాటికి వైరస్ అంటదు, నిశ్చింతగా కాపీ చేసుకోండి.

అప్పుడే పట్టుకోగలిగేవాళ్లమా అని మీరు ఒకచోట అడిగారు. పట్టుకోవచ్చు. డిర్ (ఫైళ్ల జాబితా చూపించే ఆదేశం) కొట్టి సైజులు చూసి, నిన్నటితో పోలిస్తే చాలు. 4096 అనే ఇంకో వైరస్ పెరిగిన సైజును దాచేది, ఇది దాచదు. కన్నం తెరిచిన శుభ్రమైన డాస్ ఫ్లాపీతో మెషిన్ లేపి, మెకాఫీ స్కాన్, ఎఫ్-ప్రాట్ లాంటి వైరస్ స్కానర్లు నడిపితే పేరుతో సహా చెప్పేవి. చెరిగిన ప్రోగ్రాముల్ని కూడా నార్టన్ యుటిలిటీస్‌తో అప్పటికప్పుడు వెనక్కి తేవచ్చు, డాస్‌లో చెరపడమంటే పేరులో మొదటి అక్షరం మార్చి, ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకోవడమే. కానీ ఆ స్కానర్లు మీ వీధిదాకా రాలేదు. డాస్‌తో పాటే యాంటీవైరస్ ఇవ్వడం 1993లో 6.0తో మొదలైంది. ఆ రోజు మీకు వైరస్ సంగతి తెలియకపోవడాన్ని నేను తప్పు పట్టను. తెలియని చోట ఒక మనిషి మీద నేరం ఖాయం చెయ్యడం, జీతం ఆపడం, ఊరంతా చెప్పడం, అవి వేరు. మీరే ఆ తేడా పదో పేజీలో రాశారు కాబట్టి నేనూ దాచకుండా అంటున్నాను.

ఇక మూడో ప్రశ్న. అతనికి చెప్పాలా? మీరెలా చేసినా కొంత దక్కుతుంది, కొంత పోతుంది. ఏది ఏమిటో నాకు తోచినట్టు చెబుతాను, ఎంచుకోవలసింది మీరు.

చెప్పకుండా ఉండిపోవచ్చు. మీ ఇంటావిడ మాటలో నిజముంది. అతనికిప్పుడు యాభై దాటి ఉంటాయి. పెళ్లాం బిడ్డలకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మీ నిద్ర కోసం అతని నిద్ర చెడగొట్టే హక్కు మీకు లేదు. అందుకే మీకు మనశ్శాంతి వస్తుందా అని కాకుండా, ఈ కబురు వల్ల అతనికి ఏమి దక్కుతుంది అని ఆలోచించండి. నాకైతే ఒకటి కనపడుతోంది. అతను తన కళ్లారా ఒక వింత చూశాడు. పేరు కొడితే ప్రోగ్రాము మాయమవడం చూసి, చెప్పి, అబద్ధాలకోరు అనిపించుకున్నాడు. తర్వాత ఎప్పుడో తనే తెలుసుకుని ఉండొచ్చు. తెలియకపోతే మాత్రం, ఆ రోజు నిజంగా నా చెయ్యేమైనా తప్పిందా అనే అనుమానం అతనిలో ఇంకా ఉండి ఉండొచ్చు. ఆ జవాబు ఇప్పుడు మీ అటక మీద ఉంది. అది అతనిది. మీరు చెప్పకపోతే మీరు కోల్పోయేదానికంటే అతను కోల్పోయేదే ఎక్కువని నా అభిప్రాయం.

నేరుగా ఇంటికి వెళ్లొచ్చు. మన వైపు పెద్దవాళ్లు పండ్లు పట్టుకుని గుమ్మంలోకి వస్తే కాదనడం ఎవరికీ చేతకాదు. అందుకే ఇది నాకు నచ్చలేదు. డెబ్బై దాటిన మనిషి తలొంచుకుని నిలబడితే అతను కోపం తెచ్చుకునే వీలు కూడా ఉండదు. ‘ఎప్పటి సంగతో లెండి సార్’ అని కాఫీ ఇచ్చి పంపుతాడు. మీకు తేలికవుతుంది, అతనికి అవుతుందో లేదో ఎప్పటికీ తెలియదు.

తెలిసినవాళ్ల ద్వారా కబురు పంపొచ్చు. అతని మేనమామ ఇంకా అదే వీధిలో ఉన్నాడన్నారు. కానీ మధ్యవర్తి ఉంటే కథ మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుంది, ఒకసారి అలా పడే కదా అతనికి పని దొరకలేదు. మేనమామను చిరునామా వరకు అడగండి, ఎందుకని అడిగితే పాత బాకీ ఉంది అనండి. అబద్ధం కూడా కాదు.

నేను మొగ్గేది ఉత్తరం వైపు. అతను ఒంటరిగా చదువుకోవచ్చు, చింపెయ్యొచ్చు, నెల తర్వాత జవాబివ్వొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. ఆ వీలు అతనికి ఉండాలి. ఒక్క పేజీ చాలు. అప్పట్లో ‘ఒరే అబ్బాయ్’ అని పిలిచి ఉంటారు, ఇప్పుడు పేరు పక్కన గారు రాయండి. నేనైతే ఇలా మొదలుపెడతాను: ‘1992 మార్చి 13న మా సెంటర్లో ప్రోగ్రాములు చెరిపింది మీరు కాదు. జెరూసలెం అనే వైరస్. పేరు కొడితే పోతోందని మీరు చెప్పింది అక్షరాలా నిజం. అంతకు ముందు మెషిన్ నెమ్మదిస్తోందని మీరు చెప్పినప్పుడు కూడా నేను వినలేదు. మీ మీద వేసిన నింద తప్పు. మీ నాన్నగారు వచ్చినప్పుడు నేను నడుచుకున్న తీరు అంతకంటే తప్పు.’ వైరస్ ఎలా పనిచేస్తుందో ఉత్తరంలో వివరించకండి. రెండో పేరాలో అది సంజాయిషీలా వినిపిస్తుంది. కావాలంటే వివరాలు పంపుతానని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. క్షమించమని అడగడం కూడా వద్దంటాను. అడిగితే అతను ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. మీరు చేసిన తప్పుకు అతని నెత్తిన ఇంకో పని పెట్టినట్టవుతుంది.

డబ్బు సంగతి. ఆ నెల జీతం మీరు బాకీ. దాన్ని ఉత్తరంతో కలిపి పంపితే నిందకు ఖరీదు కట్టినట్టు ఉంటుంది. పంపకపోతే నోటిమాటతో సరిపెట్టినట్టు ఉంటుంది. ‘మీ జీతం నా దగ్గర ఉండిపోయింది, ఎలా అందజేయమంటారో చెప్పండి’ అని అడగడం నాకు సబబుగా తోస్తోంది. ఎంత అన్నది అతను తేలుస్తాడు. ఆరువందలే చాలంటే ఆరువందలే ఇవ్వండి, వద్దంటే ఇంకెవరికో దానం చేస్తానని బేరం పెట్టకండి.

అతను జవాబిచ్చినా, ఇవ్వకపోయినా మీరు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. యార్డులో ఎవరెవరికి మీరు స్వయంగా చెప్పారో వాళ్లలో బతికి ఉన్నవాళ్లకు, మీ నోటితోనే, అది తప్పని చెప్పండి. నలుగురో ఐదుగురో మిగిలి ఉంటారని రాశారు. వాళ్లకే చెప్పండి, కొత్తవాళ్లకు వద్దు. ఈ కథ ఎరగనివాళ్లకు ఇప్పుడు చెబితే అతని పేరుకు మళ్లీ మరక తగిలించడమే. వాళ్లు నవ్వి, ఇప్పుడెందుకయ్యా అంటారు. అననివ్వండి.

కోపంగా జవాబు రావొచ్చు. ఫోను చేసి కేకలెయ్యొచ్చు. వాదించకండి, ఇంజనీరు అన్నాడు అనకండి. మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి, మధ్యలోకి రావొద్దని. అసలు మనిషే లేడని తెలియవచ్చు కూడా. అలా అయితే వాళ్లింట్లో ఆ సంగతి ఎవరికి తెలుసో కనుక్కున్నాకే అడుగు వెయ్యండి. తండ్రి ఉంటే ఆయనకు మాత్రం మీరే వెళ్లి చెప్పాలి. ఆయన మీ గుమ్మం ఎక్కాడు కాబట్టి.

ఆ ఫ్లాపీని ఫార్మాట్ చెయ్యనివ్వకండి. కన్నం తెరిచే ఉంచి, మీ చేతిరాత ఉన్న లేబుల్ ఊడకుండా ఒక కవర్లో పెట్టి, ఇమేజ్ ఫైలును వేరే చోట దాచమనండి. ఫోన్‌లోనో ఉత్తరంలోనో అతను ‘అది నేను చూడొచ్చా’ అని అడగొచ్చు.